మైనస్ పద్దెనిమిదిలో నా సగం

శీతల గిడ్డంగిలో పనిచేసేవాడికి ఒకటే మతం: చల్లగా ఉంచితే ఏదీ చెడిపోదు. చేప చెడిపోదు, వెన్న చెడిపోదు, బఠాణీ చెడిపోదు. ఆ మతం మీద భక్తి ముదిరి నేను సంసారాన్ని కూడా అలాగే నిలవ ఉంచాను. ప్రశ్న వస్తే "రేపు చూద్దాం" అని లోపల పెట్టేవాణ్ణి. గొడవ వస్తే తలుపు బిగించేవాణ్ణి. పైన కాస్త మంచు పట్టినా, లోపల సరుకు భద్రంగానే ఉందనుకున్నాను.

గిడ్డంగిలో నన్ను అందరూ మైనస్ గారంటారు. అక్కడ అది బిరుదు. ఇంట్లో అది లెక్క.

మా ఆవిడ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం టీచరు. పిల్లలు పెట్టుకున్న పేరు కణం టీచర్. ఉల్లిపాయ తరిగితే అందరికీ కన్నీళ్ళొస్తాయి. ఆవిడకి కణాలు కనిపిస్తాయి. కన్నీళ్ళు వేరే వాటికోసం దాచుకుంటుంది.

ఆవిడ గురించి ఇంకొక సంగతి ముందే చెప్పాలి. మామూలు రోజుల్లో ఆవిడకి నేను "మీరు". కోపం వస్తే "తమరు". మర్యాద పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్నమాట. కాపురంలో నేను నేర్చుకున్న ఏకైక సూత్రం అదే. దాన్నీ అవసరమైన వేళకి మరిచిపోయాను.

మాది మూడు గదుల ఇల్లు. దిగిన కొత్తలో మూడో గదికి లేత పసుపు రంగు వేయించాం. ఎందుకు వేయించామో అప్పట్లో ఇద్దరం పైకి అనుకునేవాళ్ళం. తర్వాత అనుకోవడం మానేశాం. ఇప్పుడక్కడ ఆవిడ పాఠాల పటాలు చుట్టలు చుట్టి నిలబెట్టి ఉన్నాయి. ఆ గదిలో గుండె ఉంది, ఊపిరితిత్తులున్నాయి, ఊపిరి లేదు.

ఆవిడ అన్ని పరీక్షలూ చేయించుకుంది. రక్తం ఇచ్చింది. స్కానింగుకి నీళ్ళు తాగి తాగి కూర్చుంది. లోపలికి రంగునీళ్ళు పంపి ఫోటోలు తీసిన రోజున ఇంటికొచ్చి, వేడినీళ్ళ సంచి పొట్టకి ఆనించుకుని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నిటిలోనూ ఒకటే జవాబు: బాగానే ఉంది. బాగానే ఉందన్న మాట ఇంత బాధగా ఉంటుందని నేను అప్పటిదాకా ఎరగను.

మా డాక్టరమ్మ ప్రతిసారీ చివర్లో ఒకే ప్రశ్న వేసేది. "మరి మీవారిది?"

ప్రతిసారీ నేను పైకి చూసి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేవాణ్ణి.

"మీ పరీక్ష ఒక్కటే మిగిలిందండీ," అంది మా ఆవిడ ఒక ఆదివారం, ఉతికిన బట్టలు మడతపెడుతూ.

"నాకేం, రాయిలా ఉన్నాను."

"రాళ్ళకి పిల్లలు పుట్టరండీ."

నేను మాట మార్చడానికి సాక్సుల కుప్ప అందుకున్నాను. అదే పొరపాటు. టీచరు ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా అది పాఠానికి పనికొస్తుంది.

"ఇలా చూడండి," అని సాక్సులు జతలు జతలుగా పేర్చింది. "మన ఒంట్లో కణాలు ఇలా ఉంటాయి. నలభై ఆరు క్రోమోజోములు, ఇరవై మూడు జతలు. జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. చర్మమైనా, కండరమైనా, మీరు అస్తమానం గోక్కునే తలైనా ఇంతే. వీటిని ద్వయస్థితిక కణాలంటాం."

"అంటాం," అన్నాను. వెనక బెంచీ అలవాటు.

"బిడ్డకోసం తయారయ్యే కణం మాత్రం జతలు విడదీసుకుంటుంది. జతకొకటి చొప్పున ఇరవై మూడే తీసుకుని బయల్దేరుతుంది. అది ఏకస్థితికం. మీ వీర్యకణమూ అంతే, నా అండమూ అంతే."

"మరి మిగతా సగం?"

"అవతలివాళ్ళు తేవాలి. రెండు సగాలూ కలిస్తేనే మళ్ళీ నలభై ఆరు."

"తేకపోతే?"

ఆవిడ కుప్ప అడుగున మిగిలిన ఒంటి సాక్సు తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఇదిగో. ఇలా ఉంటుంది."

అది నాదే. దాని జత ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేనెందుకు తప్పించుకుంటున్నానో మీకు చెప్పగలను, ఆవిడకి చెప్పలేకపోయాను. తలుపు తీయనంతసేపే గది చల్లగా ఉంటుంది. పరీక్ష చేయించుకోనంతసేపూ లోపం ఎవరిదీ కాదు. గాల్లో ఉంటుంది, ఫ్యానుతో పాటు తిరుగుతుంటుంది. చేయించుకుంటే అది ఎక్కడో ఒకచోట వాలుతుంది. నా నెత్తిమీద వాలితే?

ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది. అడిగినన్నాళ్ళూ తప్పించుకున్నాను గానీ, అడగకపోవడాన్ని తప్పించుకునే విద్య నాకు లేదు. కొన్నాళ్ళకి నేనే దిగొచ్చి "సరే, ఇస్తాను. ల్యాబులో మాత్రం కాదు, ఇంట్లోనే" అన్నాను. ఆవిడ ఆసుపత్రి ల్యాబుకి వెళ్ళి ఖాళీ సీసా తెచ్చింది. ఫోను నంబర్లు కూడా, నాదీ తనదీ, తానే ఇచ్చొచ్చింది.

"జాగ్రత్తగా తీసుకెళ్ళాలి," అని ఇంకా ఏదో చెప్పింది. నేను అప్పటికే సిగ్గుతో చెవులు మూసుకున్నాను. నాకు సగం వినే అలవాటుంది. "జాగ్రత్తగా" అన్నంతవరకు విన్నాను. జాగ్రత్త గురించి నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను.

మర్నాడు ఆవిడ బడికి వెళ్ళాక ఆ పని అయింది. ఎలా అయిందని అడగకండి. గోడమీద మా పెళ్ళి ఫోటోని కాసేపు అటు తిప్పి పెట్టాను, అంతవరకే చెప్పగలను.

సీసా జేబులో వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టానో లేదో, గిడ్డంగి నుంచి ఫోను. ముసలాయన గురక ఆపేశాడట.

ముసలాయనంటే గదుల్ని చల్లబరిచే మా పాత కంప్రెసరు. అది గురకపెట్టినంతసేపూ మేం నిశ్చింతగా ఉంటాం. నిద్రలేస్తే అందరికీ చెమటలు పడతాయి. దాన్ని నమ్ముకుని రెండు గదుల చేపలున్నాయి. ల్యాబు ఒకవైపు, చేపలు ఒకవైపు. నేను ఉద్యోగిని. చేపలవైపు పరుగెత్తాను.

చేరాక సీసా గుర్తొచ్చింది. దీన్ని పాడవకుండా ఎలా ఉంచడం? ఈ ప్రశ్నకి ప్రపంచంలో నాకంటే బాగా జవాబు తెలిసినవాడెవడు? నాలుగో గది కొత్త యంత్రం మీద నడుస్తుంది. మైనస్ పద్దెనిమిది. బఠాణీ సంచుల వెనక, గోడవారగా, గాలి బాగా తగిలేచోట సీసాను నిలబెట్టాను. కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా సొంత సరుకు దాచుకోవడం అదే మొదలు.

ముసలాయన మళ్ళీ గురకపెట్టేసరికి సాయంత్రమైంది. ల్యాబు మూసేశారు. పొద్దున ఇద్దాంలే అనుకున్నాను. ఆవిడ అడిగితే "ఇచ్చేశాను, రేపు చెబుతారట" అన్నాను. మైనస్ పద్దెనిమిదిలో ఒక్క రోజు ఒక లెక్కా?

పొద్దున వెళ్ళి చూస్తే నాలుగో గదిలో బఠాణీ సంచులు లేవు. లారీ ఎక్కుతున్నాయి.

నేను లారీకి అడ్డంగా నిలబడ్డాను. మా హమాలీల పెద్దని, తలమీద వెంట్రుకలన్నీ తెల్లబడిపోవడంతో మంచుమామ అంటాం. "ఏం పోయింది సార్?" అన్నాడు.

"సీసా."

"ఏం సీసా సార్?"

"మందు."

"బఠాణీల్లో మందెందుకు దాచారు సార్?"

"దగ్గు మందు," అన్నాను. రుజువుగా దగ్గాను కూడా.

సంచులన్నీ దించారు. గిడ్డంగి మొత్తం మైనస్ గారి దగ్గు మందు వెతికింది. చివరికి మంచుమామ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, అందరికీ వినబడేలా చెప్పాడు. "సార్, మీ మందు గడ్డకట్టింది. వేడి చేసి తాగండి."

నాకు పుట్టబోయే సంతానానికి జరిగిన మొట్టమొదటి బహిరంగ సభ అది.

సీసాను చంకలో పెట్టుకుని కరిగించుకుంటూ ల్యాబు చేరాను. అక్కడి ల్యాబావిడ సూక్ష్మదర్శినికి కన్ను అతికించుకునే పుట్టినట్టుంటుంది. మనసులో భూతద్దంగారని పేరు పెట్టుకున్నాను. సీసాను చూసింది. దాని ఒంటినిండా చెమట. నన్ను చూసింది. నా ఒంటినిండా చెమట.

"ఇప్పుడే తెచ్చారా?"

"ఇప్పుడేనండీ."

బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి భూతద్దంగారు తలుపు తీసుకుని బయటికొచ్చింది. "సార్, ఏ ఒక్కటీ కదలడం లేదు. అసలు మీరు దీన్ని..."

నేను లేచి వెళ్ళిపోయాను. మొదటి సగమే చాలింది నాకు.

బయట సన్నగా వాన. గొడుగు లేదు, ఉన్నా వేసుకునేవాణ్ణి కాదు. ఒంట్లో ఇన్ని కోట్ల కణాలు జంట జంటలుగా హాయిగా కాపురం చేస్తుంటే, ఆ ఒక్క రకమే సగం మూటతో ఇల్లు వదిలి బయల్దేరుతుంది, మిగతా సగం ఎక్కడో ఉందన్న నమ్మకంతో. నావి బయల్దేరనే లేదు. గుమ్మంలోనే రాలిపోయాయి. తిన్నగా గిడ్డంగికి వెళ్ళి నాలుగో గదిలో నిలబడ్డాను. గోడలు మందం, అక్కడికి ఫోను అందదు, మాట అందదు. ఆ పూట నాకు కావలసిన చోటు అదే.

సాయంత్రం ఆవిడ టీ కప్పు నా ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది. "ఏమన్నారండీ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చి, ఆ మూడో గది తలుపు చూసి వెనక్కి తగ్గింది.

"బ్రహ్మాండం అన్నారు."

"అంటే?"

"పరుగులు పెడుతున్నాయట."

"పరుగులా?"

"పందెం గుర్రాల్లా," అన్నాను. అబద్ధానికి ఒకసారి తలుపు తీస్తే ఆగదు.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది. "తమరి అదృష్టం," అంది.

తమరు. వినబడింది. సంతోషంలో కూడా మర్యాద పెరుగుతుంది కాబోలు అనుకున్నాను. బుద్ధి గడ్డకట్టినప్పుడు సూత్రాలు పనిచేయవు.

"అయితే లోపం నాదేనన్నమాట," అంది.

"అలా అనుకోకూడదు."

"అనుకోకపోతే ఎలాగండీ? మీది బాగుంటే, నాకు పొట్టమీద చిన్న కోత పెట్టి, లోపలికి కెమెరా పంపి చూడాలందిగా డాక్టరమ్మ. గురువారానికి తేదీ తీసుకుంటాను."

టీ చల్లారిపోయింది. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు చల్లారడం చూసి భయమేసింది.

ఆ గురువారాన్ని ఆపడానికి నేను పడని పాట్లు లేవు. ఆసుపత్రి లిఫ్టు పాడైందన్నాను. "మెట్లున్నాయి," అంది. మత్తుమందు ఇచ్చే డాక్టరుకి జలుబన్నాను. "నాకు లేదుగా," అంది. కుక్కపిల్లను పెంచుకుందామన్నాను. "మీకు అన్నం పెట్టి, దానికీ పెట్టాలా?" అంది.

చివరికి "నాకు నువ్వు, నీకు నేను, మనకి మనం చాలమా?" అన్నాను. చాలా బాగా అన్నాననుకున్నాను.

"మనకి మనం చాలుతున్నామా?" అంది ఆవిడ. అది పోట్లాట గొంతు కాదు. లెక్క తేలనివాళ్ళ గొంతు.

ఇది చాలదన్నట్టు మా అక్కయ్య. నా పరీక్ష సంగతి ఫోనులో గుచ్చి గుచ్చి అడిగితే, ఆవిడకీ పందెం గుర్రాల కథే చెప్పాను. మర్నాడే మా ఆవిడకి ఫోను చేసింది. మా అక్కయ్య గొంతుకి స్పీకరు అక్కర్లేదు. పక్కగదిలో ఉన్న నాకు ప్రతి మాటా వినబడింది.

"మావాడిలో ఏ లోపమూ లేదటగా. ఇక ఎవరిలో ఉందో తేలిపోయినట్టేగా."

"అవును వదినగారూ," అంది మా ఆవిడ. "మీ తమ్ముడివి పరుగులు పెడుతున్నాయట."

తర్వాత ఫోను పెట్టేసి, మూడో గదిలోకి వెళ్ళి, పటాల దుమ్ము దులిపింది. దులపవలసినంత దుమ్ము లేదు. నేను గుమ్మందాకా వెళ్ళాను. నోరు తెరిచాను. "టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు," అంది, వెనక్కి తిరగకుండా.

గురువారం రానే వచ్చింది. ఆవిడే సంచి సర్ది, నా చేతికిచ్చింది. బస్సులో ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆసుపత్రి వరండాలో ఫినాయిలు వాసన, గోడవారగా ఇనుప బెంచీలు, వాటిమీద మాలాగే మాట్లాడుకోని జంటలు. నర్సు చేతిలో ఆకుపచ్చ గౌను పట్టుకుని మావైపే వచ్చింది. మా ఆవిడ లేచి నిలబడింది.

నేను సంచి వదిలేసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"లోపలికి వెళ్ళకు."

"ఎందుకండీ?"

"లోపం నీది కాదు. నాది. ఏ ఒక్కటీ కదలడం లేదంది ల్యాబావిడ. అన్నీ చచ్చిపోయాయి. పరుగుల్లేవు, గుర్రాల్లేవు. నిన్ను కోయాల్సిన పనిలేదు."

వరండా మొత్తం మావైపు తిరిగింది. నర్సు మా పక్కనుంచి నడుచుకుంటూ, ఆ గౌను వేరే ఎవరికో ఇవ్వడానికి వెళ్ళిపోయింది. అప్పుడది నా బుర్రకెక్కలేదు.

మా ఆవిడ మళ్ళీ కూర్చుంది. "ఎక్కడ పెట్టి తీసుకెళ్ళారు దాన్ని?"

"ఎక్కడేమిటి? జాగ్రత్తగానే. నాలుగో గదిలో."

"మైనస్ పద్దెనిమిదిలో."

"మరి చెడిపోకుండా ఉండాలిగా."

"ఒంటికి ఆనించుకుని, వెచ్చగా, గంటలోపు ఇవ్వాలని చెప్పాను."

"నువ్వు 'జాగ్రత్తగా' అన్నంతవరకే విన్నాను."

ఆవిడ మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నేను కంగారుపడ్డాను. నవ్వుతోంది. తర్వాత చూస్తే రెండూనూ.

"ఆ రోజే ల్యాబావిడ మీకు ఫోను చేసింది. అందలేదు. నాకు చేసింది. మీవారిది ఐస్‌క్రీము వ్యాపారమా టీచరుగారూ, అనడిగింది. గడ్డకట్టి కరిగినవాటిలో ఏం చూసి ఏం చెప్పమంటారు, మళ్ళీ ఇప్పించండి, అంది."

"అంటే, నావి బతికే ఉన్నాయా?"

"తెలియదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. చేపల గిడ్డంగిలో పెడితే ఎవరివైనా చస్తాయి."

"మరి అన్నీ తెలిసి, ఆ సాయంత్రం నన్నెందుకు అడిగావు?"

"మీరేం చెబుతారో వినాలని. గుర్రాలు తోలారు." ఆవిడ చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీ అక్కయ్యగారు ఫోను చేసిన రోజున చెబుతారనుకున్నాను. గుమ్మందాకా వచ్చారుగా. టీ పెట్టనా అన్నారు."

నేను కింద వదిలేసిన సంచి తీసి ఆవిడ పక్కన పెట్టాను.

"పేషెంటు ఎవరండీ?" అంది ఇంకో నర్సు వచ్చి.

"ఈయనే," అంది మా ఆవిడ.

సంచి తెరిచి చూపించింది. నా తువ్వాలు, నా చొక్కా, కొత్త సీసా ఒకటి. ఆవిడ బట్ట ఒక్కటీ లేదు. కోత లేదు, కెమెరా లేదు. ఆ గురువారం మొదటినుంచీ నాదే. ల్యాబు పక్కన చిన్న గది, తలుపుకి లోపల గడియ.

"ముందు మీ అక్కయ్యగారికి ఫోను," అంది.

చేశాను. "అక్కా, నా పరీక్ష బాగుందని చెప్పింది అబద్ధం. లోపం మా ఆవిడదని ఎవరూ తేల్చలేదు..." అంటుండగానే, "తేల్చకపోతే ఏం, నాకు తెలియదా" అని పెట్టేసింది. మళ్ళీ చేయించింది మా ఆవిడ. మూడోసారికి మా అక్కయ్య చివరిదాకా విన్నది.

"మీ ఇంటిల్లిపాదికీ ఈ సగం వినే గుణం ఉందండీ," అంది మా ఆవిడ సీసా నా చేతిలో పెడుతూ. "ఇరవై మూడిట్లో దేనిమీద ఎక్కి వస్తోందో తెలియదు. వీలైతే దాన్ని మాత్రం ఆ గదిలోనే వదిలేసి రండి."

నేను గడప దగ్గర ఆగాను. "నిజంగానే లోపం నాదైతే?"

"మీ సగం మీరు తెండి. నా సగం నా దగ్గరుంది. అవి కలవనంటే, అప్పుడు ఇద్దరం కలిసి ఏడుద్దాం. విడివిడిగా చాలాకాలం ఏడ్చాం."

బయటికొచ్చేసరికి గుమ్మంలోనే చెయ్యి చాపి నిలబడి ఉంది. సీసా లాక్కుని, గుప్పిట్లో వెచ్చగా మూసుకుని, తానే నడిచి వెళ్ళి ఇచ్చింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మళ్ళీ అదే బెంచీ. చాలాసేపటికి భూతద్దంగారు తలుపు తీసింది. "సార్, కదలిక చాలా తక్కువగా..."

నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. మా ఆవిడ నా చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి. పూర్తిగా విందాం."

కూర్చున్నాను. "...ఉందండీ. కానీ ఉంది. కొన్ని కదులుతున్నాయి, మరీ నెమ్మదిగా. మందులు వాడి చూడాలి. మాట ఇవ్వలేం."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకెళ్ళారు.

"నెమ్మదిగానా?" అంది మా ఆవిడ. "ముందుకి వెళ్ళమంటే ఆలోచిస్తున్నాయా?"

"అలాగే ఉన్నాయండీ."

ఆవిడ నా చొక్కా అంచు ఇంకా వదల్లేదు.

"పోలిక," అంది. "అచ్చం ఈయన పోలికే."